పెరటితోట: రెండు గుంటల నేలలో సంవత్సరమంతయు కూరగాయలు పండించు విధము

ఇరువది ఎకరముల ఖుష్కియు, రెండెకరముల తరియు గల రైతు వారమునకొకసారి సంతకు పోయి వంకాయలును, తోటకూరయు కొని తెచ్చుకొనుట తెలంగాణా పల్లెలలో వింత కాదు. ధాన్యమును, పప్పుదినుసులను, నూనెగింజలను తన పొలముననే పండించుకొను గృహస్థుడు కూరగాయల కొఱకు మాత్రము ఇతరుల చేతివైపు చూచుచుండును. సంతనాడును, మఱునాడును ఇంట కూరలు సమృద్ధిగా నుండును. అటుపిమ్మట నాలుగైదు దినములు పచ్చిపులుసుతోను, కారముతోను గడచిపోవును. ఇందువలన డబ్బు పోవుట యొక నష్టము. అంతకంటె పెద్ద నష్టము ఇంటిలోని స్త్రీలకును, పిల్లలకును కలుగుచున్నది. ఆకుకూరలు చాలని ఇండ్లలో పిల్లలకు రేచీకటియు, గర్భిణులకు రక్తహీనతయు కలుగుటకు అవకాశము హెచ్చు.

ఇట్టి ఇండ్లలో పెరటితోట వేయు ప్రయత్నమే జరుగలేదనుటకు వీలులేదు. తొలకరి వాన పడగానే పెరడు త్రవ్వించి, ఉన్న విత్తనములన్నియు ఒకే నాడు చల్లుదురు. శ్రావణ భాద్రపదములలో బెండకాయలు తినలేక ఇరుగుపొరుగు వారికి పంచుదురు. దీపావళి నాటికి చెట్లు ముదిరిపోవును. సంక్రాంతి నాటికి పెరడు బీడై పశువులు తిరుగును. అప్పుడు తోట తమకు అచ్చిరాలేదని తలచి మరల సంతకే పోవుదురు. ఇందులో లోపము నేలయందు లేదు, నీటియందును లేదు; విత్తు క్రమమునందు గలదు. పొలము పంట ఒకసారి విత్తి ఒకసారి కోయునట్టిది. పెరటితోట దినదినము కోయవలసినది గనుక, కొద్దికొద్దిగా తఱచు విత్తవలసినది. ఈ భేదమును గ్రహించిన రైతునకు తక్కిన పనులన్నియు తెలిసినవే.

1. ఎంత నేల కావలెను

1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి విచారణ కొఱకు చిన్న ప్రయోగశాలగా ఆరంభమైన సంస్థ 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను పేరు పొందినది. ఆ సంస్థ 2011లో ప్రకటించిన ఆహార సూచనలలో ఒక్కొక్క మనుష్యునకు దినమునకు కనీసము 300 గ్రాముల కూరలు కావలెనని చెప్పబడినది. అందులో 50 గ్రాములు ఆకుకూరలు, 50 గ్రాములు దుంపలు, 200 గ్రాములు తక్కిన కూరగాయలు. ఈ లెక్కన అయిదుగురు గల సంసారమునకు దినమునకు కిలోన్నర, సంవత్సరమునకు సుమారు అయిదున్నర క్వింటాళ్ల కూరలు కావలెను.

నీరును, ఎరువును చాలినంత యున్నచో ఇందులో అధికభాగమును 2 గుంటల నేలనుండి రాబట్టవచ్చును. గుంట యనగా 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు గల నేల. 40 గుంటలు ఒక ఎకరము. అనగా పది ఎకరముల రైతు తన భూమిలో రెండు వందలవ వంతును ప్రత్యేకించినచో చాలును. అయితే మొదటి సంవత్సరముననే 2 గుంటలును పూనుకొనుట కంటె, అరగుంటను శ్రద్ధగా సాగుచేసి, పిమ్మట పెంచుకొనుట మేలు.

2. స్థలము, మడుల ఏర్పాటు

తోట ఇంటికి దగ్గఱగా నుండవలెను. దూరముగానున్న బావి కడ ఎంత మంచి నేల యున్నను, పొయ్యిమీద ఎసరు పెట్టి ఆకుకూర కోసికొని రాదగినంత దగ్గఱలో నున్న నేలకు సాటిరాదు. కంటికెదురుగా నున్న మడిలోని పురుగును ఆనాడే చూచి తీసివేయుదురు. దూరపు మడిలోని పురుగు వారము దినముల తరువాత గాని కనబడదు. దినమునకు కనీసము ఆఱు గంటలు ఎండ తగులు చోటునే ఎన్నుకొనవలెను. వేప, చింత మొదలగు పెద్ద చెట్ల క్రింద కూరగాయలు కాయవు.

66 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు గల 2 గుంటల నేలను ఈ క్రింది విధముగా పంచుకొనవచ్చును. ఉత్తరపు వైపున 10 అడుగుల వెడల్పు గల పట్టెను మునగ, కరివేప, నిమ్మ, బొప్పాయి, అరటి చెట్లకును, తీగలకు వేయు పందిరికిని విడువవలెను. చలికాలమున సూర్యుడు దక్షిణమునకు ఒరిగియుండును గనుక, ఎత్తైన చెట్లు ఉత్తరముననున్నచో వాని నీడ మడులపై పడదు. మిగిలిన నేలకు నడుమ 3 అడుగుల బాట విడిచి, ఇరుప్రక్కల ఆఱేసి చొప్పున మొత్తము 12 మడులు కట్టవలెను. ఒక్కొక్క మడి 10 అడుగుల చదరము. మడికిని మడికిని నడుమ 1 అడుగు గట్టు. గట్లమీద ముల్లంగియు, కొత్తిమీరయు వేయవచ్చును. చుట్టును గట్టి కంచె వేసి, దానిమీదికి దొండ, కాకర, బచ్చలి తీగలను ప్రాకింపవచ్చును. కంచె లేని పెరటితోట మేకల కొఱకు వేసిన తోటయే యగును.

3. నేలయు, ఎరువును

నల్లరేగడి నేల నీటిని పట్టియుంచును గాని, వానకాలమున వేళ్లకు గాలి తగులనీయదు. అట్టిచోట మడులను చుట్టుప్రక్కల నేలకంటె అరయడుగు ఎత్తుగా చేయవలెను. చెలక నేలలో నీరు వెంటనే ఇంకిపోవును. వానిలో ఎరువు హెచ్చుగా వేయుటయే గాక, చెఱువు పూడిక మన్ను తోలుటయు మంచిది. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ పనులలో చెఱువుల పూడిక మన్ను పొలములకు తోలబడిన సంగతి రైతులెఱిగినదే. అది పూర్వమునుండి ఈ దేశపు రైతులు చేయుచు వచ్చిన పనియే.

వేసవిలో తోటను ఒక అడుగు లోతు త్రవ్వి ఎండబెట్టవలెను. పురుగుల గుడ్లును, తుంగ గడ్డలును బయటపడి ఎండకు చచ్చును. నారు పోయదలచిన చోటును తడిపి, పల్చని తెల్లని ప్లాస్టిక్ పట్టా కప్పి, అంచులను మట్టితో మూసి నాలుగు నుండి ఆఱు వారములు ఉంచినచో, లోపలి వేడికి కలుపు విత్తనములును, నారుకుళ్లు తెగులు బీజములును చాలవఱకు నశించును.

ఎరువు 2 గుంటలకు ఏటేట 500 కిలోలకు తగ్గకుండ వేయవలెను. అది బాగుగా చివికినదై యుండవలెను. పచ్చి పేడ వేసినచో చెదలును, వేరుపురుగులును, కలుపు మొక్కలును హెచ్చును. చివికిన ఎరువునకు గుర్తులు మూడు: పేడ వాసన ఉండదు, చేతిలో వేడి తగులదు, పిడికిట పట్టి విడిచిన పొడిపొడిగా రాలును.

చెత్తను ఎరువుగా మార్చు పద్ధతిని ఆల్బర్ట్ హోవార్డ్ అను శాస్త్రజ్ఞుడు, తన సహచరుడైన యశ్వంత్ వాడ్ తో కూడి, మధ్యభారతమునందలి ఇండోరు పట్టణమున 1924 మొదలు 1931 వఱకు పరీక్షించి స్థిరపఱచెను. అందుచే దానికి ఇండోరు పద్ధతియని పేరు. పెరటితోటకు 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 3 అడుగుల లోతు గల గుంత చాలును. అడుగున అరయడుగు మందము ఎండుటాకులును, కలుపును, కూరల తొక్కలును వేయవలెను. దానిపై 2 అంగుళముల మందము పేడ, దానిపై పల్చగా బూడిదయు మట్టియు కలిపి చల్లి, నీరు చిలకరింపవలెను. గుంత నిండువఱకు ఇట్లే పొరలు వేయవలెను. రెండు వారములకు ఒకసారి, నెలకు మరల, రెండు నెలలకు మరల తిరుగవేసినచో మూడు నెలలకు ఎరువు సిద్ధమగును. వానకాలమున గుంతలో నీరు నిలుచును గనుక, అప్పుడు నేలమీద కుప్పగా వేయుట మేలు. చెత్త తడిసిన పిండినట్లు మెత్తగా నుండవలెనే గాని నీరు కాఱరాదు. నీరు హెచ్చైన కుప్ప కుళ్లి కంపుకొట్టును. చాలకున్న ఎండి అట్లే యుండును.

యూరియా వేసినంతనే మొక్కలు నల్లగా ఏపుగా పెరుగుట చూచి సంతోషింపరాదు. నత్రజని మితిమీరినచో ఆకు బలిసి కాయ తగ్గును. ఆ లేత ఆకును పేనుబంక, పచ్చదోమలు మిక్కిలి కోరును.

4. నారు పోయుటయు, నాటుటయు

వంగ, టొమాటో, మిరప, క్యాబేజి, ఉల్లి నారు పోసి నాటవలసినవి. బెండ, చిక్కుడు, గోరుచిక్కుడు, ముల్లంగి, ఆకుకూరలు నేరుగా విత్తవలసినవి. ముల్లంగిని నారుపోసి నాటిన గడ్డ వంకరపోవును.

నారుమడి 3 అడుగుల వెడల్పున, అరయడుగు ఎత్తున ఉండవలెను. విత్తనములను చల్లక, 2 అంగుళముల దూరమున గీతలు గీచి, అరయంగుళమునకు మించని లోతులో వరుసగా వేసి, జల్లించిన ఎరువు పల్చగా కప్పి, పైన వరిగడ్డి పఱచవలెను. మొలక కనబడిన దినముననే గడ్డి తీసివేయవలెను. ఒకటి రెండు దినములు ఆలస్యమైనను మొలకలు పాలిపోయి సాగిపోవును. నారుకుళ్లు తెగులునకు ముఖ్యకారణములు రెండు: విత్తనము ఒత్తుగా వేయుట, నీరు హెచ్చుగా పోయుట. ఉదయమున పలుచగా నీరు చల్లి సాయంకాలమునకు పైమట్టి ఆరునట్లు చూచినచో ఈ తెగులు చాలవఱకు రాదు.

వంగ, టొమాటో నారును నాలుగు వారములకును, మిరప నారును అయిదాఱు వారములకును నాటవచ్చును. పీకుటకు మూడు నాలుగు దినముల ముందు నీరు తగ్గించి మొక్కను గట్టిపఱచి, పీకుటకు ఒక గంట ముందు నారుమడిని తడుపవలెను. సాయంకాలము నాటవలెను. వంగకు 2 అడుగుల దూరము అన్ని వైపుల నుండవలెను. ఒక మడిలో 25 మొక్కలు పట్టును. 25 వంగ మొక్కలు సరిగా పెరిగినచో ఒక సంసారమునకు చాలును. 60 మొక్కలు ఇఱికించినచో అన్నియు పోరాడి, కాయలు తక్కువై, పురుగు హెచ్చగును.

5. కొద్దికొద్దిగా విత్తు క్రమము

ఈ శాఖలో చెప్పదగిన ముఖ్యవిషయము ఇదియే. కూరగాయలు రెండు విధములు. వంగ, మిరప, దొండ, మునగ, బచ్చలి వంటివి ఒకసారి నాటిన నెలల తరబడి కోతకు వచ్చును. తోటకూర, మెంతి, కొత్తిమీర, ముల్లంగి వంటివి ఒక్కసారిగా సిద్ధమై, పది పదునైదు దినములలో ముదిరిపోవును. బెండ, గోరుచిక్కుడు, దోసలు నడిమివి. మొదటివానిని ఏటికొకటి రెండు సారులు నాటిన చాలును. రెండవవానిని వారము వారమును, నడిమివానిని నెలకొకసారియు విత్తవలెను.

తోటకూరకు ఒక మడిని తీసికొని రెండున్నర అడుగుల వెడల్పు గల నాలుగు పట్టెలుగా విభజింపవలెను. మొదటి వారము మొదటి పట్టెలో మాత్రమే విత్తవలెను. రెండు చిటికెల విత్తనమునకు గుప్పెడు సన్నని ఇసుక కలిపి చల్లినచో ఒత్తు కాకుండును. రెండవ వారము రెండవ పట్టె, మూడవ వారము మూడవది, నాల్గవ వారము నాల్గవది విత్తవలెను. అయిదవ వారమునకు మొదటి పట్టెలోని కూర వేళ్లతో పీకుటకు సిద్ధమగును. దానిని పీకి, గంపెడు ఎరువు చల్లి, మట్టిని కదిపి, అదే దినమున మరల విత్తవలెను. ఇట్లు ఒకే మడి చక్రమువలె తిరుగుచు ప్రతివారమును తోటకూర నిచ్చుచుండును. ఒకే పట్టెలో వరుసగా మూడు నాలుగు సారులు తోటకూరయే వేయక, నడుమ మెంతియో, చుక్కకూరయో మార్చుట మేలు.

బెండను మృగశిరలో ఒక మడి యంతయు వేయక, మూడవ వంతు మాత్రమే వేయవలెను. నెలకు రెండవ వంతు, మఱునెలకు మూడవ వంతు. బెండ విత్తిన నెలన్నరకు కాపు మొదలై, సుమారు రెండు నెలలు కాచును. మొదటి వరుసలు తగ్గునప్పటికి రెండవవి కాపునకు వచ్చును. ముల్లంగిని చలికాలమున పది దినములకొక గట్టుమీద వేయవలెను. పాలకూర, గోంగూరలను పీకక, నేలకు రెండంగుళముల పైన కోసినచో మరల చిగిర్చి నాలుగైదు కోతలు ఇచ్చును.

ఈ క్రమము చెడుటకు ముఖ్యకారణము మఱపు. పొలము పనుల తొందరలో ఎవ్వరికిని పెరటి విత్తు గుర్తుండదు. అందుచే వారపు సంత జరుగు దినమునే విత్తు దినముగా నియమించుకొనుట సులభమైన ఉపాయము. సంతకు పోవు ముందు ఒక పట్టె విత్తుట, గోడమీద సుద్దతో తేదీ వ్రాయుట. పని పావుగంటకు మించదు, విత్తనము చిటికెడు. ఇంటిలోని బడి పిల్లలకు ఈ గోడలెక్కను అప్పగించినచో వారు మఱచిపోరు.

6. ఏ కార్తెలో ఏవి

రోహిణి కార్తెలో, అనగా మే నెల చివర, వంగ, మిరప నారు పోయవలెను. మృగశిర, ఆరుద్ర కార్తెలలో బెండ, గోరుచిక్కుడు, అలసంద, ఆనప, బీర, కాకర, పొట్ల, గోంగూర విత్తవలెను. పునర్వసులో వంగనారు నాటవలెను.

పందిరి చిక్కుడును జూలై, ఆగస్టు మాసములలో విత్తవలెను. చిక్కుడు పగటికాలము తగ్గినప్పుడే పూయు స్వభావము గలది. వేసవిలో ముందుగా విత్తినను తీగ మిక్కిలి ప్రాకి పందిరి నిండునే గాని, పూత చలికాలము దాపునకు వచ్చువఱకు రాదు. చెట్టునకు దోషమున్నదని తలచి దానిని పెఱికివేయు వారు గలరు, అది తొందరపాటు.

మఖ, పుబ్బ కార్తెలలో టొమాటో, క్యాబేజి నారు పోసి, ఉత్తర, హస్త కార్తెలలో నాటవలెను. సెప్టెంబరు చివరినుండి జనవరి వఱకు ముల్లంగి, క్యారెట్, పాలకూర, మెంతి, కొత్తిమీర, ఉల్లి మిక్కిలి బాగుగా వచ్చును. పొరుగింటి పుల్లకూర రుచి యన్నట్లు కొందఱు క్యాబేజి, కాలీఫ్లవరులతోనే తోట ఆరంభింతురు. అవి చలిని, సమమైన నీటిని, నిత్యము పురుగును చూచు కంటిని కోరునవి. కొత్తగా ఆరంభించువారు గోంగూర, బెండ, వంగ, ఆనపలను చేతికి తెచ్చుకొని పిమ్మట వానిని వేయుట యుక్తము.

జనవరి చివర, ఫిబ్రవరి మొదట, శ్రవణ ధనిష్ఠ కార్తెలలో వేసవి పంట విత్తవలెను. బెండ, దోస, ఆనప, గోరుచిక్కుడు, తోటకూర, గంగవాయలి కూర ఎండకు తట్టుకొనును. టొమాటో పూత తీవ్రమైన ఎండలో రాలిపోవును. కొత్తిమీర ఎండకు వెంటనే పూతకు వచ్చును గనుక దానిని పందిరి నీడను వేయవలెను. పెరళ్లు బీడుపడునది ఈ కాలముననే. ఫిబ్రవరి విత్తును తప్పనివాడే సంవత్సరమంతయు కూర తినువాడు.

7. మడుల మార్పు

వంగ, టొమాటో, మిరప, ఆలుగడ్డ, పొగాకు ఒకే కుటుంబమునకు చేరినవి. ఒకదాని తెగులు మఱియొకదానికి వచ్చును. ఒకే మడిలో ఏటేట వంగయే వేసినచో ఎండుతెగులును, వేళ్లపై బుడిపెలు కట్టించు సన్నని నులిపురుగులును నేలలో పేరుకొనిపోవును. చెట్టు పచ్చగానుండగనే ఒకనాడు వాడిపోవుటకు ఇదియే తఱచు కారణము. నీరు హెచ్చించుట వలన అది కోలుకొనదు.

కాబట్టి 12 మడులను మూడేసి చొప్పున నాలుగు జట్లు చేయవలెను. మొదటి జట్టున చిక్కుడు జాతులు, రెండవ జట్టున వంగ, టొమాటో, మిరపలు, మూడవ జట్టున ఆకుకూరలు, ఉల్లి, దుంపలు, నాల్గవ జట్టున బెండ, దోస, గుమ్మడి. మఱుసటి యేడు ప్రతి జట్టును ఒక స్థానము జరుపవలెను. చిక్కుడు జాతుల వేళ్లపై నుండు బుడిపెలు గాలిలోని నత్రజనిని నేలకు చేర్చును. కోత ముగియగనే మొక్కను పీకక, మొదలంట కోసి వేళ్లను నేలలోనే విడిచిన, వాని తరువాత వచ్చు వంగకు లాభము. ఇవి మేలు చేయు బుడిపెలు. నులిపురుగుల బుడిపెలు వేఱు. మొదటివి వేరునకు ప్రక్కగా అంటియుండి వ్రేలితో ఒత్తిన రాలును; రెండవవి వేరే ఉబ్బినట్లుండి రాలవు. నులిపురుగు కనబడిన మడిలో బంతి మొక్కలు ఒత్తుగా నాటి, రెండు మూడు నెలలు ఉంచి, పిమ్మట వేళ్లతో కూడ నేలలో కలుపుట, వేపపిండి వేయుట మేలు.

8. నీరు

మొక్కకు నీరు కావలెనా యని తెలిసికొనుటకు వ్రేలును రెండంగుళములు మట్టిలో గ్రుచ్చి చూడవలెను. లోపల తడి తగిలినచో ఆనాడు నీరక్కఱలేదు. మధ్యాహ్నపు టెండలో ఆకు వాలుట చూచి నీరు పోయరాదు; సాయంకాలమునకు అది తానే లేచును. ఉదయమున కూడ వాలియున్నచో నీరు కావలెనని అర్థము. వేసవిలో మొక్కల మొదళ్లచుట్టు ఎండుటాకులు, వరిగడ్డి రెండంగుళముల మందము పఱచినచో తడి త్వరగా ఆరదు. అయితే చెదలు గల నేలలో గడ్డిని మొదలికి తగులనీయరాదు.

స్నానపు నీటిని వృథాపోనీయక అరటికిని, చామకును మళ్లింపవచ్చును. బట్టలుదుకు పొడి కలిసిన నీటిలో ఉప్పు గుణము హెచ్చు గనుక కూరమడులకు పాఱింపరాదు. పచ్చిగా తిను కొత్తిమీర, ముల్లంగి, ఉల్లి ఆకులకు బావి నీరో, బోరు నీరో తప్ప ఇల్లు కడిగిన నీరు తగులనీయరాదు.

9. తీగకూరల పూత రాలుట

ఆనప, బీర, కాకర, గుమ్మడి తీగల మొదటి పూత యంతయు రాలిపోవుట చూచి రైతులు దిగులుపడుదురు. ఈ తీగలలో మగపూలును, ఆడపూలును వేఱువేఱుగా నుండును. సాధారణముగా మగపూలు ముందు పూయును; అవి రాలుట సహజము. ఆడపూవు వెనుక చిన్న పిందె కనబడును. పిందెతోకూడిన పూవు పసుపుపచ్చనై రాలినచో పుప్పొడి అందలేదని తెలియవలెను. అట్టిచో మగపూవును త్రెంపి, రేకులు తీసివేసి, ఆడపూవు నడుమ మెల్లగా రాయవలెను. గుమ్మడికి తెల్లవాఱుజామున, ఆనపకును బీరకును సాయంకాలమున పూవు విచ్చు వేళ ఈ పని చేయవలెను. తేనెటీగలు తిరుగు వేళ ఏ మందును చల్లరాదు.

10. పురుగులు, తెగుళ్లు

వంగ కొమ్మ చివర వాడి వ్రేలాడినచో లోపల పురుగున్నదని యెఱిగి, రంధ్రమునకు క్రిందుగా కొమ్మను త్రుంచి కాల్చివేయవలెను. పుచ్చిన కాయను మడిలోనే పాఱవేయుట పురుగును పెంచుటయే. బెండ ఆకులలో ఈనెలు పసుపుపచ్చనైనచో అది తెల్లదోమ వ్యాపింపజేయు తెగులు. దానికి మందు లేదు. అట్టి మొక్కను కనబడిన నాడే పెఱికి పూడ్చవలెను. కాకర, దోస కాయలలో పండుయీగ పురుగు పడినచో రాలిన కాయలనన్నిటిని ఏఱి రెండడుగుల లోతున పూడ్చవలెను. తీగ మొలకలను తిను ఎఱ్ఱ పెంకుపురుగులు ఉదయపు చల్లదనములో మందముగా నుండును. అప్పుడు చేతితో ఏఱవచ్చును. దోస, ఆనప జాతులపై గంధకపు పొడి చల్లరాదు, ఆకులు మాడును.

పేనుబంకకు లీటరు నీటికి 5 గ్రాముల సబ్బు కలిపి ఆకుల అడుగున తగులునట్లు చల్లిన చాలును. ఆకుతిను పురుగులకు అర కిలో వేపపలుకుల పొడిని మూటగట్టి 10 లీటర్ల నీటిలో రాత్రియంతయు ఊఱబెట్టి, ఉదయము పిండి వడగట్టి, కొంచెము సబ్బు కలిపి ఆనాటి సాయంకాలమే చల్లవలెను. నిలువయుంచిన కషాయము పనిచేయదు. పొగాకు కషాయము మనుష్యులకును విషమే. పొగాకునుండి టొమాటో, మిరపలకు మొజాయిక్ తెగులు అంటుట గూడ కలదు; కావున చుట్ట, బీడి త్రాగినవారు చేతులు సబ్బుతో కడిగికొని మొక్కలను ముట్టవలెను.

పత్తికి తెచ్చిన మందు సీసాలో మిగిలినదని దానిని పెరటి వంగపై చల్లుట మిక్కిలి ప్రమాదకరము. అట్టి మందులలో కొన్ని మొక్క రసములో కలిసి కాయలోనికి చేరును; ఎంత కడిగినను పోవు. పొలము పత్తిని నెలల తరువాత కోయుదురు, దానిని ఎవ్వరును తినరు. పెరటి వంకాయను ఎల్లుండి పిల్లలు తిందురు. ఈ భేదము ఎన్నడును మఱువరాదు.

11. విత్తనము

గోంగూర, తోటకూర, వంగ, బీర మొదలగు నాటు రకముల విత్తనమును ఇంటనే తీసికొనవచ్చును. అయితే తిని మిగిలిన ముదురు కాయలను విత్తనమునకు విడుచు వాడుక మంచిది కాదు. కాపు మధ్యకాలమున, అన్నిటికంటె ఆరోగ్యముగానున్న చెట్టునకు దారము కట్టి, దాని మంచి కాయలను కోయక విత్తనమునకే విడువవలెను. నీడను ఆరబెట్టి, బూడిద కలిపి, గట్టి మూతగల సీసాలోనో బుఱ్ఱలోనో నిలువచేయవలెను. అంగడిలో కొనిన సంకరజాతి విత్తనముల పంటనుండి తీసిన విత్తనము తల్లి గుణమును నిలుపుకొనదు. వానిని ప్రతిసారి కొనవలసినదే.

12. ఆరంభించు రైతు చేయదగినది

ఈ యేడు తోట మొదలిడు రైతు నాలుగు మడులతో ఆరంభింపవచ్చును: ఒకటి వంగ, ఒకటి బెండ, ఒకటి గోరుచిక్కుడు, ఒకటి నాలుగు పట్టెల తోటకూర. కంచెమీద ఆనప, ఉత్తరపు మూల మునగ. దినమునకు ఉదయ సాయంకాలములలో అరగంట చొప్పున ఇంటిలోని వారెవరైనను చూచుకొనవచ్చును. ఆకుకూరను కోయకముందే కడిగి, చెంచాడు నూనెతో వండి, పైన నిమ్మరసము పిండి తినుట వలన దానిలోని సారము ఒంటికి బాగుగా పట్టును.

ఒక సంవత్సరము గడచిన పిమ్మట గోడమీది తేదీలను చూచినచో ఏ నెలలో విత్తు తప్పినదో, దానికి నెల తరువాత ఏ వారము ఇంట కూర కొఱవడినదో స్పష్టముగా తెలియును. మఱుసటి యేడు ఆ ఖాళీలను పూరించుటయే పని. సంతకు పోవుట మానవలసిన పనిలేదు. ఉప్పునకును, బట్టకును పోవలసినదే. బయలుదేరుటకు ముందు ఒక పట్టె విత్తి మఱి పోవలెను.